ఆర్వీ లాగడానికి పాత సెమీ ట్రక్కు కొంటున్నారా? అడ్వాన్స్ కట్టే ముందు ఆగండి

20,000 పౌండ్లు దాటే ఫిఫ్త్ వీల్ ట్రైలర్‌కి (ట్రక్కు వెనక హిచ్ అనే కొక్కీకి తగిలించి లాగే, ఇల్లులాంటి ఆర్వీ) పికప్ చాలక, సరుకు రవాణా నుంచి రిటైరైన సెమీని (పెద్ద ట్రైలర్లు లాగే ట్రాక్టర్ ట్రక్కు) కొనుక్కునేవాళ్ళు అమెరికాలో బాగానే ఉన్నారు. ఆలోచన మంచిదే. బ్రేకులు, ఫ్రేమ్, ఇంజిన్ అన్నీ ఆ బరువుకి రెట్టింపు మోయడానికి పుట్టినవే. చిక్కంతా అమ్మేవాళ్ళు ప్రకటనలో రాసే మూడు మాటల దగ్గరే: "మోటర్‌హోమ్ టైటిల్ ఉంది", "ఇన్సూరెన్స్ సులువు", "ఆర్వీ ప్లగ్ రెడీ". అమ్మేవాడి విషయంలో మూడూ నిజమే అయ్యుండొచ్చు. మీ చేతికొచ్చేసరికి ఒక్కటీ నిలవకపోవచ్చు.

ముందు టైటిల్, అంటే బండిని మోటర్‌హోమ్ (లోపలే కాపురముండే బండి) అని రాసిన యాజమాన్య పత్రం సంగతి. పొయ్యి, ఫ్రిజ్, టాయిలెట్, నీళ్ళ ట్యాంకుతో సింకు, హీటర్ లేదా ఏసీ, 110 వోల్టుల కరెంటు వంటివాటిలో కనీసం నాలుగు స్థిరంగా బిగించి ఉంటేనే చాలా రాష్ట్రాలు మోటర్‌హోమ్ అని ఒప్పుకుంటాయి. స్లీపర్ క్యాబ్‌లో పరుపు, చిన్న ఫ్రిజ్ ఉంటే సరిపోదు. పాత యజమాని రాష్ట్రంలో కౌంటర్ దగ్గర గుమాస్తా రాసేసిన మాట మీ రాష్ట్రంలో చెల్లాలని లేదు. ఒకవేళ చెల్లినా, యాక్సిడెంట్ తర్వాత అడ్జస్టర్ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే మనిషి) వచ్చి క్యాబ్ తలుపు తీసి చూసినప్పుడు లోపల సింకు లేదంటే, తప్పుడు వివరాలిచ్చారని పాలసీనే రద్దు చేసే దారి కంపెనీకి దొరుకుతుంది. పన్ను మిగులుతుందని వేరే రాష్ట్రంలో ఎల్‌ఎల్‌సీ (ఒక రకం కంపెనీ) పేరున రిజిస్టర్ చేసి, ట్రక్కుని మాత్రం ఇంటి ముందు నిలిపేవాళ్ళదీ ఇదే ఇబ్బంది. బండి నిజంగా ఎక్కడ ఉంటుందో ఆ చిరునామాయే పాలసీలో ఉండాలి.

అసలు దెబ్బ మాత్రం బాబ్‌టెయిల్ పాలసీతో తగులుతుంది. ఈ రకం బండి తెలియని ఏజెంట్ "సెమీయే కదా" అని బాబ్‌టెయిల్ గానీ నాన్-ట్రకింగ్ లయబిలిటీ గానీ అంటగడతాడు. ప్రీమియం తక్కువ కాబట్టి మనకీ ముచ్చటేస్తుంది. బాబ్‌టెయిల్ అంటే వెనక ట్రైలర్ లేకుండా నడిచే ట్రాక్టర్. నాన్-ట్రకింగ్ అనేది ఒక క్యారియర్ (సరుకు రవాణా కంపెనీ) కింద లీజుకి నడిపేవాళ్ళు డ్యూటీలో లేనప్పటి కోసం. సొంత ఇల్లులాంటి ట్రైలర్ తగిలించుకుని వెళ్ళే మీకు రెండూ సరిపోవు. వెనక ట్రైలర్ ఉన్న రోజే కవరేజీ ఎగిరిపోయే ప్రమాదం.

అందుకే ఫోన్లో మాటలు వద్దు. ట్రక్కు ఏ సంవత్సరానిది, విన్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య), జీవీడబ్ల్యూఆర్ (లోడుతో కలిపి బండి ఎంత బరువు దాకా ఉండొచ్చో తయారీదారు పెట్టిన పరిమితి), ఎన్ని యాక్సిల్స్, సొంత వాడకం మాత్రమే, లాగేది ఫిఫ్త్ వీల్ ఆర్వీ, దాని బరువు ఇంత అని ఈమెయిల్‌లో రాసి పంపండి. జవాబూ రాతలోనే తీసుకోండి. డిక్లరేషన్స్ పేజీలో (పాలసీ వివరాల సారాంశం ఉండే పేజీ) ఆ వాడకం కనిపించాకే ట్రక్కుకి డబ్బు కట్టండి. తగిలించి ఉన్నంతసేపు ట్రైలర్ ఎదుటివాళ్ళకి చేసే నష్టం మామూలుగా ట్రక్కు లయబిలిటీ కిందకే వస్తుంది. ట్రైలర్‌కి జరిగే నష్టానికి మాత్రం దాని పాలసీ వేరే ఉండాలి. హిచ్, వెనక బెడ్, టూల్‌బాక్సులకి బిల్లులు చూపించి అగ్రీడ్ వాల్యూ (ముందే ఒప్పుకున్న విలువ) అడగండి. అది లేకపోతే అరిగిన పాత సెమీ ధర చేతిలో పెట్టి పంపిస్తారు. రోడ్‌సైడ్ ప్లాన్‌లో బరువు పరిమితి కూడా చదవండి, సెమీని లాగే రెకర్ అద్దె సామాన్యం కాదు.

లైసెన్సూ చూసుకోవాలి. సొంత ఆర్వీకి సీడీఎల్ (కమర్షియల్ డ్రైవింగ్ లైసెన్స్) అక్కర్లేదు కదా అని ఊరుకోవద్దు. కాలిఫోర్నియాలో ఫిఫ్త్ వీల్ ట్రైలర్ జీవీడబ్ల్యూఆర్ 15,000 పౌండ్లు దాటితే నాన్-కమర్షియల్ 'క్లాస్ A' లైసెన్స్ కావాలి. టెక్సస్‌లో ట్రక్కు, ట్రైలర్ రెండూ కలిపి 26,001 పౌండ్లు లేదా అంతకు మించి, ట్రైలర్ ఒక్కటే 10,000 దాటితే అదే తరగతి.

ఇక ప్లగ్. సెమీ వెనక ఉండే గుండ్రటి 7 పిన్నుల సాకెట్‌లో నీలం తీగ ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) కరెంటుది, తాళం తిప్పితే చాలు 12 వోల్టులు వస్తూనే ఉంటాయి. ఆర్వీ ప్లగ్‌లో అదే నీలం ట్రైలర్ ఎలక్ట్రిక్ బ్రేకుది. రంగుకి రంగు కలిపేసిన చవక అడాప్టర్ పెట్టారంటే పెడల్ ముట్టుకోకుండానే ట్రైలర్ బ్రేకులు పూర్తిగా పట్టేస్తాయి. బండి భారంగా లాగుతోంది అనుకుంటూ వెళ్తుంటే ఆ ఎలక్ట్రిక్ బ్రేకుల్లోని మాగ్నెట్లు కాలతాయి, డ్రమ్ములు ఎర్రబడతాయి. మల్టీమీటర్‌తో రెండు నిమిషాల పని: తాళం ఆన్, కాలు పెడల్ మీద లేకుండా ఆర్వీ సాకెట్ బ్రేక్ పిన్ చూడండి. సున్నా రావాలి. 12 వస్తే ట్రైలర్ తగిలించకండి. లైట్లదీ తేడానే: సెమీలో ఆగే లైటుకి, మలుపు లైట్లకి తీగలు వేరు, ఆర్వీలో రెండూ ఒకే బల్బు, కాబట్టి మధ్యలో కన్వర్టర్ ఉండాలి. మూడు యాక్సిల్స్ ట్రైలర్‌లో ఆరు మాగ్నెట్లు కలిపి దాదాపు 20 ఆంప్స్ లాగుతాయి. ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ ఆ లోడుకి తగ్గదేనా, సెమీ ఎయిర్ బ్రేక్ పెడల్ ఒత్తిడిని బట్టి స్పందిస్తుందా అడగండి.

హిచ్ దగ్గర ఇంకో మోసం ఉంది. ఫ్రైట్ ప్లేట్ (సరుకు ట్రైలర్ తగిలించడానికి సెమీకి ఉండే పళ్ళెం) కూడా 2 అంగుళాల కింగ్‌పిన్‌నే (ట్రైలర్ ముందు భాగం కింద ఉండే పిన్ను) పట్టుకుంటుంది గనక "అదే సరిపోతుంది" అంటారు. అది ముందుకీ వెనక్కీ ఊగుతుంది గానీ పక్కలకి ఊగదు. ఎగుడుదిగుడు క్యాంప్‌గ్రౌండ్‌లో ఆ మెలి మొత్తం ఆర్వీ పిన్‌బాక్స్ (ఆ పిన్ను బిగించి ఉండే భాగం) మీద, పల్చటి ఫ్రేమ్ మీద పడి వెల్డింగులు చీలతాయి. నాలుగు వైపులా వంగే, ఎయిర్ కుషన్ ఉన్న హిచ్ కావాలి.

రెండు డ్రైవ్ యాక్సిల్స్‌లో ఒకటి తీసేసిన ట్రక్కయితే ఫ్రేమ్ కింద పడుకుని చూడండి. ఆ రెయిల్స్ హీట్ ట్రీట్ చేసిన ఉక్కు, వాటి మీద వెల్డింగ్ కనిపిస్తే బేరం వదిలేయండి. ఏబీఎస్‌ని మిగిలిన చక్రాలకి తగ్గట్టు మళ్ళీ ప్రోగ్రామ్ చేశారో లేదో డాష్ లైటే చెబుతుంది.

చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టి, ఇంజిన్ ఆపి, పార్కింగ్ బ్రేక్ వదిలితే బ్రేకుల గాలి ఒత్తిడి నిమిషానికి 2 పీఎస్‌ఐ కన్నా ఎక్కువ పడకూడదు, పెడల్ తొక్కి పట్టుకుంటే 3. టైర్ల మీద డాట్ (DOT) కోడ్ చివర 2319 అంటే 2019లో 23వ వారం. ఏళ్ళ తరబడి కదలని ట్రక్కుకి టైర్ల గాడి లోతుగానే ఉంటుంది, రబ్బరు మాత్రం పగులుతుంది. 2007 తర్వాతి ఇంజిన్లకి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్), 2010 నుంచి చాలావాటికి డెఫ్ (పొగ శుద్ధికి వాడే ద్రవం) వ్యవస్థ కూడా ఉంటాయి. "తీసేశాం, ఇక తలనొప్పి లేదు" అని గొప్పగా చెబితే అది ఫెడరల్ చట్టాన్ని ఉల్లంఘించిన బండి అని అర్థం.

చూడ్డానికి వెళ్ళే ముందే అమ్మేవాడికి చెప్పండి, ఇంజిన్ స్టార్ట్ చెయ్యొద్దని; చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే దాని అసలు తీరు తెలుస్తుంది. వెళ్ళేసరికి బానెట్ వేడిగా ఉంటే చల్లారాక మళ్ళీ వస్తామని తిరిగి వచ్చేయండి.