మీ బాబు వయసెంత సార్?

వికారాబాద్ దగ్గర ఓ రిసార్టుకి ఫోన్ చేసి, "నాకు ఆటిజం ఉంది, కాస్త మూలగా ఉండే గది కావాలి" అన్నాను. అటువైపు అబ్బాయి ఎంతో మర్యాదగా, "తప్పకుండా సార్, మీ బాబు వయసెంత? ప్లే ఏరియా కూడా ఉంది" అన్నాడు. బాబు లేడయ్యా, నాకే అంటే కాసేపు మాట లేదు. నాకు 36 ఏళ్లు. ఉద్యోగం ఉంది, వంట వచ్చు, ఒక్కణ్ణే తిరుగుతాను. ఆటిజం అనగానే జనానికి పిల్లలే గుర్తొస్తారు. ఆ పిల్లలే పెద్దయ్యి, ఆఫీసుకి సెలవు పెట్టి ఊళ్లు తిరుగుతారని ఎవరికీ తట్టదు.

అనంతగిరి గుట్టలు హైదరాబాద్‌కి 80 కిలోమీటర్లే. మూసీ పుట్టిన చోటు. వారం మధ్యలో వెళ్తే చెట్ల కింద నడక హాయిగా ఉంటుంది. నేను తెలివితక్కువగా శనివారం వెళ్లాను. 'నేచర్ రిట్రీట్' అని రాసుకున్న ఆ రిసార్టులో సాయంత్రం ఏడింటికి డీజే మొదలైంది. అడిగినట్టే మూల గది ఇచ్చారు. ఆ మూలకే జనరేటర్ ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా ఆ దరువు గోడల్లోంచి పక్కటెముకల్లోకి వస్తోంది. చివరికి దిండు పట్టుకెళ్లి బాత్‌రూమ్‌లో కూర్చున్నాను, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకుని. ఆ ఫ్యాన్‌ది ఒకటే మోత. మారదని తెలిసిన శబ్దాన్ని గంటలకొద్దీ భరిస్తాను. ఎప్పుడు ఆగి ఎప్పుడు అందుకుంటుందో తెలియని పాటని పది నిమిషాలు కూడా భరించలేను. పదకొండున్నరకి ఆపారు. పొద్దున్నే ఖాళీ చేస్తానంటే రెండోరోజు డబ్బులు వెనక్కి రావన్నారు.

అరకు వెళ్లింది సగం రైలు కోసమే. ఇనుప ఖనిజం దింపడానికి 1960ల్లో వేసిన కొత్తవలస-కిరండూల్ లైను అది, 58 సొరంగాలు. 2017లో అద్దాల కప్పున్న విస్టాడోమ్ పెట్టె తగిలించారు. డిసెంబర్‌లో మోజుపడి ఎక్కాను. పై నుంచి ఎండ కళ్లలోకి, సొరంగం వచ్చిన ప్రతిసారీ పెట్టె పెట్టెంతా కేకలు. సొరంగాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను, ఇంకెన్ని కేకలు మిగిలాయో తెలియాలి కదా! మళ్లీ జూలైలో ఓ మంగళవారం మామూలు పెట్టెలో వెళ్లాను. కిటికీ దగ్గర సీటు, వాన, కొండల మీద మబ్బు. అదీ ప్రయాణం.

టికెట్టు గురించి ఓ మాట. 2016 నాటి చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, కార్డు కూడా ఇస్తారు. కానీ మేధో వైకల్యం కింద రైల్వే ఇచ్చే రాయితీ తోడు లేకుండా ప్రయాణించలేనివాళ్లకే. నేను వెళ్లగలుగుతున్నాను, కాబట్టి పూర్తి చార్జీ.

బొర్రా గుహల్లో పది నిమిషాలు ఉన్నానేమో. రంగు లైట్లు, గబ్బిలాల కంపు, వంద గొంతుల ప్రతిధ్వని. అరకులో ఓ లాడ్జివాళ్లు నన్ను పైనుంచి కిందిదాకా చూసి ఒంటరి మగవాళ్లకి గది ఇవ్వమన్నారు. టూరిజం వాళ్ల హరిత హోటల్‌ని అయితే ఆన్‌లైన్‌లోనే బుక్ చేసుకోవచ్చు. ఎవరితోనూ ఫోన్‌లో మాట్లాడక్కర్లేకపోవడం నాకు ఏసీ కన్నా పెద్ద సౌకర్యం.

మారేడుమిల్లి వేరే లెక్క. రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా 85 కిలోమీటర్ల దాకా ఉంటుంది. వలమూరు దగ్గర వాగు ఒడ్డున ఓ చిన్న కాటేజీ. ఈసారి ఆటిజం మాటే ఎత్తలేదు. గది, బల్బు, మంచం ఫొటోలు పంపమన్నాను. అక్కడి కేర్‌టేకర్ పంపాడు, అడక్కుండానే కిటికీలోంచి కనిపించేది కూడా. ఎనిమిదింటికి టిఫిన్, ఒంటిగంటకి భోజనం అన్నాడు, మూడు రోజులూ అలాగే జరిగింది. దుప్పటి నేనే తీసుకెళ్లాను, సబ్బు వాసన పడదు కాబట్టి.

కూరా అన్నం కలిసిపోతే నాకు ముద్ద దిగదు. బొంగులో చికెన్‌కి నూనె లేదు, నీళ్లు లేవు. వెదురు బొంగుని నిప్పుల మీద తిప్పి తిప్పి, ఆకు మూత లాగి విస్తట్లో గుమ్మరిస్తే ముక్కకి ముక్క విడిగా పడింది. మూడు రోజులూ అదే తిన్నాను. "రోజూ అదేనా సార్?" అని ఎవరూ అడగలేదు. చీకటి పడే వేళకి కీచురాళ్లు అందుకున్నాయి. చెవులు మూసుకోవాల్సినంత గట్టిగా, కానీ ఒకే శ్రుతి. బాత్‌రూమ్ ఫ్యాన్ గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఇబ్బందులు లేకపోలేదు. బస్సు ఎప్పుడొస్తుందో చెప్పలేరు, ఫోన్ సిగ్నల్ వచ్చిపోతుంటుంది. ఆదివారం జలతరంగిణి జలపాతం దగ్గరికి వెళ్లొద్దు, కార్లలో పాటలు పెట్టుకుని వస్తారు. బుధవారం పొద్దున ఏడింటికి వెళ్లాను, నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

మొన్న మళ్లీ మెసేజ్ పెట్టాను.

"పక్క గదికి వ్యూ ఇంకా బాగుంటుంది సార్, అది ఇవ్వనా?" అన్నాడు కేర్‌టేకర్.

వద్దు, అదే గది ఇవ్వమన్నాను.