వన్‌టౌన్ పాత ఇళ్లు: బాగుచేయాలా, కూలగొట్టాలా, ఊరవతల ఫ్లాటివ్వాలా?

విశాఖ వన్‌టౌన్‌లో పెచ్చులూడిన పాత మిద్దె కనబడగానే కూలగొట్టి అపార్ట్‌మెంట్ కట్టుకోవచ్చు కదా అనేస్తాం. కురుపాం మార్కెట్ దగ్గర అద్దె వాటాలో ఉండే మా పెద్దమ్మతో నేనూ అదే అన్నాను. "కట్టాక అందులో నాకో వాటా ఇస్తాడేంట్రా ఓనరు?" అంది. అప్పట్నుంచి ఇదే ఆలోచన.

ముందు ఊరవతల ఫ్లాట్ల సంగతి చూద్దాం. పట్టణ పేదలకు ప్రభుత్వం కట్టించిన టిడ్కో ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగుల్లో వచ్చాయి, పేదవాడికి సొంతిల్లన్న ధీమా చిన్నది కాదు. ఊరి శివారు మధురవాడ వైపు పని ఉన్నవాళ్లకు నేనూ అదే చెబుతాను. కానీ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకముందే చేపల వేలంపాట మొదలవుతుంది, 15 కిలోమీటర్ల పైబడిన దూరం నుంచి తట్ట పట్టుకుని ఆ వేళకు ఏ బస్సులో వస్తారు? నడిచి పనికెళ్లే మనిషికి ఆ నడక దూరమే సగం జీతం.

కూలగొట్టి కట్టడం ఓనరుకు లాభం, అంతే. స్థలాలు చిన్నవి, సందులు ఇరుకు, పైగా కొత్త ఫ్లాటు ధర పాత అద్దెదారుకు అందదు.

ఇక బాగుచేయడం. ఈ ఇళ్ల గోడలు చాలావరకు ఇటుక, గానుగ సున్నం. పైన టేకు దూలాల మీద ఇటుకలు, సున్నం పరిచిన మద్రాసు మిద్దె. కాంక్రీటులో ఇనుముకు ఉప్పుగాలి తగిలితే తుప్పు పట్టి పెచ్చులు లేస్తాయి, సున్నం గోడలో ఆ ఇనుమే లేదు. చెదపట్టిన దూలాన్ని ఒక్కదాన్నే మార్చుకోవచ్చు. పాడుచేసేది మన రిపేర్లే. పెద్దమ్మ వాటాలో మేస్త్రీ సున్నం గోడ మీద సిమెంటు పూశాడు, చెమ్మ బయటికి పోయే దారి లేక రెండు వానాకాలాలకే పూతతో పాటు ఇటుకల పైపొర కూడా రాలిపోయింది. సున్నం పని తెలిసిన చేతులు దొరకాలి, వాటాకో మరుగుదొడ్డి, కొత్త వైరింగు కావాలి, ఖర్చవుతుంది. అయినా నా ఓటు దీనికే.

ఒక్క షరతు ఉంది. అద్దె కట్టడి లేకుండా బాగుచేస్తే ఏడాది తిరక్కుండా అక్కడ కేఫ్ వెలుస్తుంది, పెద్దమ్మ లాంటివాళ్లు రోడ్డున పడతారు. ఇటలీలో బొలోన్యా నగరపాలక సంస్థ 1970ల్లో పాత ఊరి ఇళ్లను బాగుచేయించి, అక్కడున్న వాళ్లనే అందుబాటు అద్దెకు ఉంచే పని పెట్టుకుంది. మన కార్పొరేషన్ కూడా రిపేరుకు డబ్బిచ్చి, ఇన్నేళ్ల వరకు ఇంతే అద్దె, ఇప్పుడున్న వాళ్లనే ఉంచాలి అని ఓనరుతో రిజిస్టరు ఒప్పందం రాయించుకోవచ్చు. ఓనరుకు ఇల్లు నిలుస్తుంది, చేతి నుంచి ఖర్చు తగ్గుతుంది, ఒప్పుకునేవాళ్లుంటారు.

గోడ ఒరిగిపోయి, పునాది కుంగిన ఇంటిని మాత్రం పట్టుకు వేలాడొద్దు, మనుషుల ప్రాణాలు ముఖ్యం. అది ఇంజనీరు చూసి తేల్చాలి, బిల్డరు కాదు. పెద్దమ్మ ఇంటి గోడలు నిటారుగానే ఉన్నాయి. ముందు ఆ సిమెంటు పూత గీకించాలి, ఈ వానలు పట్టకముందే.