గుట్ట దారి: రాతి మెట్లా, మట్టి బాటా?

దేవరకొండ, రాచకొండ, కోయిలకొండ లాంటి గుట్టలకు నడక దారి వేసేముందు తేల్చుకోవాల్సింది ఇదే.

వాలు: మట్టి బాట సగటున 10 శాతం దాటొద్దు, అంటే వంద అడుగుల నడకకు పది అడుగుల ఎత్తు. బాట గుట్ట వాలులో సగం కన్నా నిటారుగా పోతే నీళ్లు పక్కకు దిగవు, బాటనే కాలువ చేసుకుంటాయి. మెలికలు తిప్పే జాగా లేనిచోట మెట్లే దిక్కు.

ఖర్చు: మెట్లకు రాయి, మేస్త్రీ, మోత కూలీ, అంతా మొదట్లోనే. బాటకు గడ్డపార, పార చాలు. కానీ ఏటా రోహిణి కార్తెలోపే పని తప్పదు.

కొలతలు: మెట్టు ఎత్తు 15–18 సెంటీమీటర్లు, కాలు పెట్టే వెడల్పు కనీసం 30. ఎత్తులు ఒక్కతీరుగా లేకుంటే దిగేటప్పుడు తడబడతారు. బాట రెండడుగుల వెడల్పు, లోయ వైపు 5 శాతం ఒరుగు. నడిచేకొద్దీ అంచున మట్టి గట్టు కట్టి ఆ ఒరుగు పోతుంది. ఆ గట్టును చెక్కేయడమే అసలు మరమ్మతు. చాలాచోట్ల గుంతల్లో మొరం పోసి చేతులు దులుపుకుంటారు, మొదటి వానకే అది కొట్టుకుపోతుంది.

నున్నటి బండ మీద రెండూ దండగే. కాలిగుంటలు చెక్కి, కడ్డీ పెట్టాలి.

చైత్ర పౌర్ణమికి జనం ఒక్కసారే దిగే, నల్లమలలోని సలేశ్వరం లాంటి లోయకు మెట్లు. ఆదివారాలు కొద్దిమందే నడిచే రాచకొండకు మట్టి బాటే నయం.