లెక్కలు వదిలిన బారో, వదలని కర్క్‌మన్

ఇద్దరూ ఇంగ్లండ్‌లో చర్చి గురువులే, గణితజ్ఞులే. వాళ్లలో ఐజాక్ బారోది తెగతెంపుల దారి. 1663లో కేంబ్రిడ్జ్‌లో మొదటి లుకేసియన్ ప్రొఫెసర్ (అక్కడి పేరున్న గణిత పదవి) అయ్యాడు. అప్పటికే చర్చి దీక్ష ఉన్నవాడే, అయినా పూర్తిగా దైవశాస్త్రానికే అంకితమవ్వాలని 1669లో ఆ పదవి వదిలేశాడు. ఆ కుర్చీలోకి వచ్చింది ఇరవై ఆరేళ్ల న్యూటన్. 1673లో బారో కేంబ్రిడ్జ్‌లోని ట్రినిటీ కాలేజీకి మాస్టర్, అంటే అధిపతి, అయ్యాడు. చర్చిలో ఆయన ప్రసంగాలు ఎంతకీ తెమిలేవి కావట. ఓసారి వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో సిబ్బంది ఆర్గన్ మోగించి మరీ ఆపించారని చెప్పుకుంటారు.

థామస్ కర్క్‌మన్ ఏదీ వదల్లేదు. లాంకషైర్‌లో క్రాఫ్ట్ అనే చిన్న ఊరి చర్చిలో యాభై ఏళ్లకు పైగా పనిచేస్తూనే లెక్కలు చేశాడు. 1850లో ఆయన వేసిన చిక్కుప్రశ్న ఇది: 15 మంది అమ్మాయిలు ఏడు రోజులు ముగ్గురేసి వరసల్లో నడవాలి, ఏ ఇద్దరూ రెండోసారి ఒకే వరసలో పడకూడదు. ఒక్కొక్కరికి రోజుకు ఇద్దరు కొత్త జోడీలు, ఏడు రోజులకు 14 మంది. లెక్క సరిపోతుంది కానీ, కాగితం మీద పెడితే తల తిరుగుతుంది.

పదవుల్లో బారోదే పైచేయి. నా ఓటు మాత్రం కర్క్‌మన్‌కే. ఏ ఇద్దరైనా సరిగ్గా ఒకే ముగ్గురి గుంపులో కలిసేలా పేర్చే త్రయాల అమరికల సంగతి ఆయన 1847లోనే తేల్చాడు. వాటికి, ఆరేళ్ల తర్వాత రాసిన స్విస్ గణితజ్ఞుడు స్టైనర్ పేరు పెట్టడం అన్యాయమే.