మాక్ ఇంటర్వ్యూల ప్యాకేజీ కొనబోయే బెంగళూరు తెలుగువారికి హెచ్చరిక

ఇతర కంపెనీలకు వ్యాపార సలహాలిచ్చే కన్సల్టింగ్ సంస్థల్లో ఉద్యోగాల ఇంటర్వ్యూ అనగానే కలిగే గుబులును తగ్గించుకోవడానికి, డబ్బు కట్టి మాక్ ఇంటర్వ్యూలు, అంటే సాధన కోసం చేసే నమూనా ఇంటర్వ్యూలు, తీసుకోవాలని చూస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని ఒక శిక్షణ సంస్థకు ఎనిమిది మాక్‌ల నిమిత్తం 24,000 రూపాయలు ముందుగానే చెల్లించాను. గుబులు తగ్గకపోగా, మూడో వారానికి కేసు (ఇంటర్వ్యూలో పరిష్కరించమని ఇచ్చే వ్యాపార సమస్య) అన్న మాట వింటేనే చేతులు చల్లబడే స్థితికి వచ్చాను.

వారు మొదట ఉచిత పరీక్ష పేరిట ఇరవై నిమిషాల మాక్ పెడతారు. అది ముగిశాక నాకు పదికి మూడున్నర మార్కులు వేసి, ఈ స్థాయితో మొదటి రౌండు కూడా దాటలేరని ఒక పత్రం పంపారు. హడలిపోయి ఆ రాత్రే డబ్బు కట్టేశాను. నెల తరువాత, మారతహళ్లి పీజీలో నా గదిలోనే ఉండే కడప అబ్బాయి తనకు వచ్చిన పత్రం చూపించాడు. అతనికీ మూడున్నరే; కింద రాసిన వ్యాఖ్యలు అక్షరం పొల్లు పోకుండా నావే. అతన్ని అడిగిన ప్రశ్న వేరు, అతను చెప్పిన జవాబు వేరు. ఆ మార్కులు మా ఇద్దరినీ చూసి వేసినవి కావని, భయపెట్టి ప్యాకేజీ అంటగట్టడానికి ముందే రాసి పెట్టుకున్నవని అప్పుడు గానీ నాకు తట్టలేదు.

పెద్ద సంస్థల్లో పనిచేసినవారే ఇంటర్వ్యూ చేస్తారన్నది వారి హామీ. హాజరైన అయిదింటిలో నాలుగు ఒక్కరే చేశారు. ఎక్కడ పనిచేశారని అడిగితే మాట దాటవేశారు. సిమెంటు కంపెనీ లాభాలు ఎందుకు తగ్గాయన్న కేసునే రెండుసార్లు ఇచ్చి, జవాబు ముందే తెలిసిన రెండోసారి నేను ఎంతో మెరుగుపడ్డానని మెచ్చుకున్నారు! పెద్ద కన్సల్టింగ్ సంస్థల్లో ఒకటైన మెకిన్సీలో సాధారణంగా ఇంటర్వ్యూ చేసేవారే ఒక్కొక్క ప్రశ్నగా కేసును నడిపిస్తారు. అలాంటి సంస్థలే అయిన బీసీజీ, బెయిన్‌లలో ఎక్కువగా అభ్యర్థే దాన్ని ముందుకు తీసుకువెళ్లాలి. నేను మెకిన్సీకి సిద్ధమవుతున్నానని మొదటి రోజే చెప్పినా ఈ తేడాను పట్టించుకోలేదు. మనం స్వయంగా చేసిన ఒక పనిని తీసుకుని లోతుగా ప్రశ్నించే భాగం అక్కడ ముఖ్యం. దాని ఊసే ఎత్తలేదు.

అన్నిటికన్నా నష్టం చేసింది వారి ఒత్తిడి పద్ధతి. మాట పూర్తి కాకుండానే అడ్డుపడటం, కూడిక తప్పితే నవ్వడం, ఆలోచించుకోవడానికి ఒక నిమిషం అడిగితే మార్కులు కోయడం. నిజమైన కేసు ఇంటర్వ్యూలో అలా సమయం అడగడం తప్పేమీ కాదు, అందరూ చేసేదే. మాక్ వల్ల భయం తగ్గాలంటే, తప్పు ఎక్కడ జరిగిందో, మళ్లీ అదే చోటికి వస్తే ఏం చేయాలో తెలిసి బయటికి రావాలి. నేను అయిదుసార్లూ చిన్నబుచ్చుకుని మాత్రమే బయటికి వచ్చాను.

చివరికి ఉపయోగపడింది మా గదిలోని సాధనే. మెకిన్సీ వంటి కన్సల్టింగ్ సంస్థలు తమ వెబ్‌సైట్లలో ఉచితంగా ఉంచిన నమూనా కేసులను ఒకరికొకరం ఇచ్చుకుని, లెక్కలు పైకి చెబుతూ చేసి, ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నాం. బెంగళూరులో రోజుకు ఎన్ని ఫిల్టర్ కాఫీలు అమ్ముడవుతాయన్న అంచనా మీద ఒక ఆదివారం సాయంత్రమంతా వాదించుకున్నాం. వణుకు తగ్గింది ఆ వారాల్లోనే.

మిగిలిన మూడు మాక్‌ల డబ్బు అడిగితే, చెల్లించినది వాపసు ఉండదన్న నిబంధన చూపించారు. రసీదులో ఆ వాక్యం ఉన్నంత మాత్రాన మన హక్కు పోదు: లోపభూయిష్టమైన సేవకు డబ్బు తిరిగి ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టి ఫిర్యాదు నమోదు చేశాను. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు రుసుము కూడా లేదు. ఆ తరువాత 9,000 రూపాయలు తిరిగి వచ్చాయి. జరిగిన అయిదు మాక్‌ల సంగతి ఇంకా తేలలేదు. మీకూ పదికి మూడున్నర పత్రం వచ్చి ఉంటే పారేయకుండా దాచి ఉంచండి.