ముప్పై ఎనిమిది మంది పిల్లలతో జూకి వెళ్లొచ్చాం, బస్సు మాట్లాడుకునే టీచర్లు ఇది చదవండి

మాది జడ్చర్ల దగ్గర ఊళ్లో ప్రైమరీ స్కూలు. మూడు, నాలుగు తరగతుల పిల్లలు 38 మందిని హైదరాబాద్ నెహ్రూ జూ పార్కుకి తీసుకెళ్లాం. ఒక్కొక్కరి దగ్గర 450 తీసుకున్నాం. కూలికి పోయే అమ్మలు ఆ డబ్బు రెండు మూడు విడతల్లో కట్టారు, అందుకే నాకింత కోపం.

బస్సు 11,000కి మాట్లాడాం, టోలు, పార్కింగు అన్నీ కలిపే. 45 సీట్ల బండి అని ఫోటో కూడా పంపాడు ఓనరు. 5,000 అడ్వాన్సు ఇచ్చాం. పొద్దున ఆరింటికి వచ్చింది చూస్తే 32 సీట్ల బండి, కిటికీలు సగం తెరుచుకోవు. ఫోన్ చేస్తే "పిల్లలే కదా మేడం, సదురుకుంటరు" అన్నాడు. వెనక్కి పంపేయాల్సింది. కానీ తలకు నూనె రాసుకుని, టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఐదింటికే వచ్చి కూర్చున్న పిల్లల ముఖాలు చూసి నోరు రాలేదు. ఇద్దరి సీట్లో ముగ్గురిని కూర్చోబెట్టాం. రాయికల్ టోలు దాటేలోపే ముగ్గురు వాంతి చేసుకున్నారు. మా ఆయమ్మ నిమ్మకాయలు తేకపోతే ఏమయ్యేదో!

జూలో మాత్రం ఏ ఇబ్బందీ లేదు. టికెట్ పిల్లలకు 50, పెద్దలకు 100. ప్లాస్టిక్ కవర్లు లోపలికి రానివ్వరు, పులిహోర స్టీలు డబ్బాల్లోనే పెట్టించండి. 380 ఎకరాల జూ, చిన్నపిల్లలు అంతా నడవలేరు, టాయ్ ట్రైన్ ఎక్కించండి, పిల్లలకు 40. సోమవారం సెలవు. పులి నిద్రపోతోంది, ఏనుగు బాగుంది.

అసలు చూడాల్సింది రాత్రి తిరిగే జంతువుల గది. పగటిని రాత్రి చేసి పెట్టారు అక్కడ. మనం చూసే వేళకి లోపల మసక చీకటి, రాత్రి లైట్లు వేసి వాటిని నిద్రపుచ్చుతారు. దేవాంగపిల్లి కొమ్మ పట్టుకుని అంతంత కళ్లతో మెల్లగా తిరిగి చూసింది. క్లాసులో నిమిషం కుదురుగా ఉండని ఒక పిల్లాడు అద్దానికి ముక్కు ఆనించి అలాగే నిలబడిపోయాడు. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని "టీచర్, గీటికి తెల్లారిందని ఎవరు చెప్తరు?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకి నా అలసటంతా పోయింది. టాయ్ ట్రైన్ తర్వాతకి పెట్టుకోండి, ముందు ఈ గదికే వెళ్లండి, పిల్లలు అలిసిపోయాక చీకట్లో భయపడతారు.

తిరుగు ప్రయాణంలో ఆరాంఘర్ దాటాక డ్రైవరు బండి పక్కకు ఆపి, టోలు, పార్కింగు కింద ఇంకో 1,700 ఇస్తేనే కదులుతానన్నాడు. ఓనరు చెప్పమన్నాడట. పొద్దు గూకుతోంది, సగం మంది పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నిద్రపోతున్నారు, రోడ్డు మీద గొడవేం పెట్టుకుంటాం? మా సారైతే కోపంతో చేతులు వణికిపోతూ డబ్బు లెక్కపెట్టారు. పిల్లల డబ్బు ముట్టుకోకుండా నేనూ ఆయనా చెరిసగం వేసుకున్నాం.

బండి నంబరు, సీట్లు, టోలు ఎవరిదో కాగితం మీద రాయించుకుని సంతకం పెట్టించుకోండి. 2,000కి మించి అడ్వాన్సు ఇవ్వకండి. ముందురోజే ఎవరైనా వెళ్లి బండి కళ్లారా చూసి రండి. మా ఓనరు ఇప్పటికీ ఫోన్ ఎత్తడం లేదు, ఈ ఆదివారం నేనూ సారూ వాళ్ల ఇంటికే వెళ్తున్నాం.