నెట్‌వర్క్ డేటా కాపీ లేకుండా అందుకోవాలంటే ఏది మేలు?

సర్వర్‌కి వచ్చే డేటాను నెట్‌వర్క్ కార్డు ముందు కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) పేజీల్లో, అంటే మెమరీ ముక్కల్లో, వేస్తుంది. మన ప్రోగ్రామ్ డేటా కోసం రిసీవ్ పిలిచాక కెర్నెల్ దాన్ని మన బఫర్‌లోకి, అంటే ప్రోగ్రామ్ సొంత మెమరీలోకి, కాపీ చేస్తుంది. చిన్న రిక్వెస్టులకు ఈ కాపీ లెక్కలోకే రాదు, మామూలు రిసీవ్‌ని కదపకండి. 100 గిగాబిట్ల లింకు నిండా డేటా వస్తుంటే మాత్రం కాపీ కోసమే సెకనుకు 12.5 గిగాబైట్లు చదవాలి, మళ్లీ అంతా రాయాలి. అప్పుడు ఏ ఫంక్షన్ ఎంత సీపీయూ తింటోందో చూపే పర్ఫ్ టాప్ తెరిచి చూడండి, పై వరసలో కాపీ ఫంక్షనే కనిపిస్తుంది.

లినక్స్ 4.18లో, అంటే 2018లో, టీసీపీ జీరోకాపీ రిసీవ్ వచ్చింది. డేటా ఉన్న కెర్నెల్ పేజీనే మన ప్రాసెస్‌లోకి మ్యాప్ చేస్తుంది. చిక్కంతా పేజీ కొలతతోనే. 4096 బైట్ల పేజీ మొదటి నుంచి చివరిదాకా డేటా నిండితేనే మ్యాపింగ్ కుదురుతుంది. 1500 బైట్ల ఎంటీయూలో (ప్యాకెట్ గరిష్ఠ కొలత), టీసీపీ టైమ్‌స్టాంపులు ఉంటే, ప్యాకెట్‌కి దక్కే డేటా 1448 బైట్లే, పేజీ నిండదు. అందుకే ఎంటీయూ పెంచాలి, హెడర్‌ని (ప్యాకెట్ ముందుండే చిరునామా వివరాలు) డేటా నుంచి విడదీయగల కార్డు ఉండాలి. స్విచ్‌లన్నీ మన చేతిలో ఉన్న డేటా సెంటర్‌లో సరే, బయటి ఇంటర్నెట్ ట్రాఫిక్‌కి ఇది పనికిరాదు. పైగా మ్యాప్ తీసేటప్పుడు టీఎల్‌బీ (మెమరీ చిరునామాల కోసం సీపీయూ ఉంచుకునే క్యాష్) ఫ్లష్ ఖర్చు కూడా ఉంది.

2025లో లినక్స్ 6.15తో వచ్చిన ఐఓ యూరింగ్ (ప్రోగ్రామ్, కెర్నెల్ క్యూల ద్వారా పనులు ఇచ్చిపుచ్చుకునే లినక్స్ సదుపాయం) జీరోకాపీ పద్ధతి నాకు ఎక్కువ నచ్చింది. ఇందులో మన మెమరీనే ముందుగా కార్డు క్యూకి అప్పగిస్తాం. హెడర్లు కెర్నెల్‌కి వెళ్తాయి, పేలోడ్, అంటే అసలు డేటా, నేరుగా మన దగ్గరికి వస్తుంది. టీసీపీ బాధ్యత కెర్నెల్‌దే. డేటా ఎక్కడ మొదలైందో, ఎంత పొడవో కెర్నెల్ చెబుతుంది కాబట్టి పేజీ నిండాలన్న పట్టింపు లేదు. హెడర్ విడదీసే కార్డు దీనికీ కావాలి. ఒక క్యూని దీనికే కేటాయించి, మన కనెక్షన్లను ఫ్లో స్టీరింగ్‌తో (ఏ కనెక్షన్ ఏ క్యూకో కార్డుకి చెప్పే నియమాలు) అటు మళ్లించాలి. అసలు జాగ్రత్త వేరే ఉంది: వాడేసిన బఫర్‌ని రీఫిల్ రింగ్ (ఖాళీ బఫర్లు తిరిగిచ్చే వరస) ద్వారా వెంటనే తిరిగివ్వాలి. పార్సింగ్ అయ్యేదాకా పట్టుకుని కూర్చుంటే కార్డుకి ఖాళీ బఫర్లు అయిపోయి ప్యాకెట్లు రాలిపోతాయి.

కెర్నెల్ టీసీపీని పక్కనపెట్టే ఏఎఫ్ ఎక్స్‌డీపీ, డీపీడీకే ఇచ్చేవి ముడి ప్యాకెట్లు. డీఎన్‌ఎస్‌కి, లోడ్ బ్యాలెన్సర్‌కి బాగుంటాయి. హెచ్‌టీటీపీ సర్వర్ కోసం సొంత టీసీపీ రాసుకోవడం నా లెక్కలో దండగ. డేటాను చూడకుండా అటు నుంచి ఇటు పంపే ప్రాక్సీకైతే 2006 నాటి స్ప్లైస్ (డేటాను కెర్నెల్ లోపలే ఒకచోటి నుంచి మరోచోటికి మళ్లించే కాల్) చాలు.

టీఎల్‌ఎస్‌ని (హెచ్‌టీటీపీఎస్ వెనకున్న ఎన్‌క్రిప్షన్) అప్లికేషన్‌లోనే విప్పుతుంటే డీక్రిప్ట్ చేసేటప్పుడు ప్రతి బైటునూ ఎలాగూ చదివి మళ్లీ రాయాలి. కాపీ తీసేసినంత లాభం అక్కడ కనబడదు.